కొత్త బలిపీఠం: ఏ నమూనా ఎంచుకోవాలి?

గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పేరు చెప్పను, ఎందుకంటే తగవు ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆ ఊరి కతోలిక దేవాలయంలోని పాత చెక్కబల్లకు చెదలు పట్టింది. దాని స్థానంలో శాశ్వతమైన బలిపీఠం కట్టించాలని విచారణ పెద్దలు తీర్మానించారు. హాస్టల్లో నా గదిలోనే ఉండే మిత్రుడిది ఆ ఊరే. సెలవులకు వెళ్ళినవాడు తిరిగొస్తూ మూడు నమూనాలు చుట్టచుట్టి తెచ్చి నా మంచం మీద పరిచాడు.

"ఒరేయ్, నువ్వు సివిలింజనీరింగు చదువుతున్నావు కదా, వీటిలో ఏది బావుందో చెప్పు. మా నాన్న నిన్నడిగి రమ్మన్నాడు" అన్నాడు.

మొదటిది నల్లగ్రానైటు పీఠం. ముందువైపు కడరాత్రి భోజన దృశ్యం చెక్కి, రంగులు వేసి, బంగారు పూత పూసి, చుట్టూ రంగురంగుల బల్బులు పెడతారు. రెండోది పట్నంలో దొరికే తయారు సరుకు, గాజుపలకకు స్టీలు కాళ్ళు. మూడోది ఊరి తాపీమేస్త్రీ, రాతిపనివాడు కలిసి పెన్సిలుతో గీసింది. రెండు రాతిదిమ్మెలు, వాటి మీద ఒక మందపాటి రాతిపలక. అంతే.

మొదటిదానికయ్యే ఖర్చులో సగానికి పైగా తాను భరిస్తానని గల్ఫులో పనిచేస్తున్న ఆ ఊరివాడొకాయన ముందుకొచ్చాడట. షరతు ఒకటే, పీఠం ముందువైపు తన తల్లిదండ్రుల పేర్లు చెక్కాలి. మిగతాదంతా మిరపకోతల కూలి డబ్బుల్లోంచి ఇంటింటా పోగైన చందా. చందా ఇచ్చినవాళ్ళలో కొందరికి ఆ పేర్ల సంగతి నచ్చలేదు. కొందరికి బల్బులు నచ్చలేదు. కొందరికి మూడో బొమ్మ మరీ బీదగా కనిపించింది.

నేను ఒక్కసారి చూసి "మొదటిదే బావుందిరా" అనేశాను.

"బావుండటం సరే. దాని మీద ఏం చేస్తారో నీకు తెలుసా?" అన్నాడు వాడు.

తెలియదు. నేను కతోలికుణ్ణి కాను. ఒక వస్తువు మీద ఏం జరుగుతుందో తెలియకుండా దాని రూపం మీద తీర్పు చెప్పడం ఏం ఇంజనీరింగు? ఆ సిగ్గుతోనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో సావనీరు పాఠకులకు పనికివస్తుందనిపించినది ఇక్కడ చెబుతాను.

బల్ల, బలి, సమాధి

బలిపీఠమంటే మొదట ఒక బల్ల. ఏసుక్రీస్తు తన శిష్యులతో చేసిన కడరాత్రి భోజనాన్ని స్మరిస్తూ గురువు అప్పాన్నీ ద్రాక్షరసాన్నీ సమర్పించేది దాని మీదనే. రెండోది, పేరులోనే ఉన్నట్టు, అది బలి జరిగే చోటు. క్రీస్తు సిలువబలి ఆ పూజలో మళ్ళీ ప్రత్యక్షమవుతుందని కతోలికుల విశ్వాసం. మూడోది సమాధి. తొలి శతాబ్దాల క్రైస్తవులు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి సమాధుల దగ్గర గుమిగూడేవారు. తరువాత ఆ సమాధుల మీద దేవాలయాలు వెలిశాయి. రోములో పేతురు గారి సమాధి అని వారు నమ్మే చోటికి సరిగ్గా పైనే ఆయన పేరిటి మహాదేవాలయపు ప్రధానపీఠం ఉంది. ఆ ఆచారపు గుర్తుగానే నేటికీ కొత్త పీఠం అడుగున పునీతుల అవశేషాలు ఉంచే పద్ధతి కొనసాగుతోంది.

మొదట్లో ఇళ్ళల్లో వాడుకునే చెక్కబల్లలే పీఠాలు. క్రమంగా రాయి వాటి స్థానంలోకి వచ్చింది. 517లో నేటి ఫ్రాన్సు ప్రాంతంలోని ఎపావోనులో సమావేశమైన మేత్రాణులు రాతిపీఠాలకు తప్ప తైలాభ్యంగనం చేయరాదని నిర్ణయించారు. క్రీస్తును సజీవమైన రాయి అని పేతురు మొదటి లేఖ వర్ణిస్తుంది. రాయికి గట్టితనం ఒక్కటే కాదు, ఈ అర్థం కూడా ఉందన్నమాట.

కాలక్రమేణా పీఠం వెనక్కి జరిగి జరిగి చాలా దేవాలయాల్లో గోడకు ఆనుకుంది. దాని వెనక చెక్కుడు పనుల గోడ లేచింది. గురువు ప్రజలకు వీపు పెట్టి, వారితోపాటు ఒకే దిక్కుకు తిరిగి పూజ చేసేవారు. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ తరువాత పరిస్థితి మారింది. 1964లో రోము నుంచి వెలువడిన ఆదేశపత్రం, ప్రధానపీఠం గోడకు విడిగా ఉండటం మేలనీ, చుట్టూ నడవడానికీ, ప్రజలకు అభిముఖంగా పూజ చేయడానికీ వీలుండాలనీ చెప్పింది. ప్రపంచమంతటా వేలాది దేవాలయాల్లో అప్పటికప్పుడు ఒక చెక్కబల్ల తెచ్చి ముందు పెట్టారు. తాత్కాలికమనుకున్న ఆ బల్లలు చాలాచోట్ల దశాబ్దాలు నిలిచిపోయాయి. అందుకే "శాశ్వతమైన పీఠం ఎలా ఉండాలి?" అన్న ప్రశ్న ఇప్పటికీ ఎక్కడో ఒక విచారణలో లేస్తూనే ఉంటుంది.

నియమాలు చెప్పేది

నియమాలున్నాయనగానే శిల్పి చేతులు కట్టేసినట్టేనని మనం అనుకుంటాం. చూడబోతే ఉన్న నియమాలు కొద్దే, అవి కూడా పనికి సంబంధించినవే. స్థిరపీఠం నేలకు అతికి ఉండాలి, కదలకూడదు. పైపలక సంప్రదాయానుసారం సహజమైన రాయి, అదీ ఒకే రాయి. ఆయా దేశాల మేత్రాణుల సమాఖ్య అనుమతిస్తే యోగ్యమైన, దృఢమైన మరో పదార్థం వాడవచ్చు. కింది ఆధారానికి యోగ్యమూ గట్టిదీ అయిన ఏ పదార్థమైనా సరే. చుట్టూ నడిచే చోటుండాలి. దేవాలయంలోకి వచ్చినవారి దృష్టి తనంతట తానే వెళ్ళి వాలే చోట పీఠం ఉండాలి. కొత్తగా కట్టే దేవాలయంలో ఒకే పీఠం ఉండటం మంచిది. అవశేషాలు పైపలకలో కాదు, పలకకు అడుగున ఉండాలి. పలక మీద పూజకు అవసరమైనవి తప్ప మరేవీ ఉంచరాదు. పూలు కూడా పీఠం మీద కన్నా దాని చుట్టూ, మితంగా ఉండటమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. పీఠం స్వభావరీత్యా దేవునికి మాత్రమే అంకితం. పునీతుల గౌరవార్థం దేవాలయాలకు పేర్లు పెట్టుకోవచ్చు గాని, పీఠం మీద పునీతుల విగ్రహాలను కూడా నిలపకూడదు. ఇది చదివాక గల్ఫు దాత పెట్టిన షరతు నాకు కొత్త వెలుగులో కనిపించింది. పునీతులకే లేని చోటు మనకెక్కడిది?

ఇంకొక సంగతి. దేవాలయ భవనం శిథిలమై మరో వాడుకకు మారినా, అందులోని పీఠానికి జరిగిన ప్రతిష్ఠ దానంతటది పోదని 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం చెబుతోంది. అంటే భవనం కన్నా పీఠం నిర్ణయమే బరువైనది. నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకుందామనడానికి ఇది పెళ్ళిపందిరి కాదు.

ప్రతిష్ఠ రోజే అసలు పరీక్ష

మా వాడు తెచ్చిన మూడు నమూనాలనూ పరీక్షించడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు, ప్రతిష్ఠ నాటి క్రమం చాలు. బిషప్ గారు ముందు పీఠం మీద పవిత్రజలం చల్లుతారు. పునీతుల ప్రార్థనమాల పాడతారు. అవశేషాలుంటే అడుగున అమర్చి మూసేస్తారు. ప్రతిష్ఠాప్రార్థన తరువాత పరిమళతైలం పలక మధ్యలోనూ నాలుగు మూలలా పోసి, పలకంతా చేత్తో రుద్దుతారు. ఆ తరువాత పలక మీదే నిప్పులకుండ పెట్టి సాంబ్రాణి వేస్తారు. పొగ గుడంతా నిండుతుంది. అప్పుడు తైలం తుడిచి, తెల్లని వస్త్రం పరిచి, దీపాలు వెలిగిస్తారు.

నీరు, నూనె, నిప్పు. ఈ మూడింటికీ తట్టుకున్నదే పీఠం. నిప్పులకుండ వేడికి గాజుపలక ఎంతసేపు నిలుస్తుంది? నూనె రుద్దిన చోట బంగారు పూత ఏమవుతుంది? ఇవి ఇంజనీరు వేయదగిన ప్రశ్నలు. నేను మొదటిరోజు వేయని ప్రశ్నలు కూడా ఇవే.

ఇక బరువు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం పలక అంటే తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 కిలోలు. పైపలకే 675 కిలోలు తూగుతుంది. కింద రెండు దిమ్మెలు అదనం. ఆ ఊరిది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల. గచ్చు మీద నేరుగా పీఠం నిలిపితే నాలుగేళ్ళలో ఒక పక్కకు ఒరుగుతుంది. గచ్చు పగలగొట్టి, రేగడి తీసి, కింద విడిగా పునాది వేయాలి. మూడు నమూనాల్లో ఒక్కదాంట్లోనూ పునాది గీయలేదు. ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ లేదు.

మాటిస్ చూసిన రొట్టె

నియమాల మధ్య కళకు చోటెక్కడ అంటారా? దక్షిణ ఫ్రాన్సులో వాన్స్ అనే ఊళ్ళో డొమినికన్ సన్యాసినుల కోసం చిత్రకారుడు హెన్రీ మాటిస్ ఒక చిన్న ప్రార్థనాలయం రూపొందించాడు. 1951లో అది పూర్తయింది. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. దాని పీఠానికి ఆయన పాలరాయి కోరలేదు, గోధుమరంగు రాయి ఎంచుకున్నాడు. కారణం, అది చూడటానికి రొట్టెలా ఉంటుందట! అక్కడ సన్యాసినులు ఒక పక్క, ఊరిజనం మరో పక్క కూర్చుంటారు. అందుకని పీఠాన్ని తిన్నగా పెట్టకుండా ఏటవాలుగా తిప్పి నిలిపాడు. గురువు నిలబడితే రెండు వర్గాలవారికీ కనిపిస్తాడు.

ఇందులో నగిషీ ఏమైనా ఉందా? రంగుకు కారణముంది, దిశకు కారణముంది. రెండు కారణాలూ పూజలోంచే పుట్టాయి.

పారిస్ లో జరిగిన ఎంపిక

మన కాలంలో అందరి కళ్ళూ పడిన ఎంపిక పారిస్ నోట్రడామ్ ది. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం ఆ మహాదేవాలయపు పైకప్పు తగలబడింది. శిఖరం కూలి, దాని కింది రాతికప్పును చీల్చుకుంటూ నేలకు వచ్చింది. సరిగ్గా ఆ చోటనే 1989లో జాన్ తూరే, సెబాస్తియన్ తూరే అనే శిల్పులు చేసిన కంచుపీఠం ఉండేది. సువార్తికులు, ప్రవక్తల మూర్తులున్న ఆ పీఠం రాళ్ళ కింద నలిగిపోయింది. దూరంగా వెనకనున్న పాత ప్రధానపీఠం, దాని వద్ద నికోలా కూస్తూ చెక్కిన మరియమాత విగ్రహం, పైన సిలువ మాత్రం నిలిచాయి. మర్నాడు పత్రికల్లో పొగ మధ్య మెరుస్తూ కనిపించింది ఆ సిలువే.

కట్టడాన్ని ఉన్నదున్నట్టు తిరిగి నిలిపారు. శిఖరం కూడా పాత రూపంలోనే లేచింది. పీఠం విషయంలో మాత్రం పాతదానికి నకలు చేయలేదు, కొత్త రూపం కోరారు. 1905 చట్టాన్ని బట్టి ఆ దేవాలయం ఫ్రెంచి ప్రభుత్వానిది, పూజకు వాడుకునే హక్కు కతోలిక సంఘానిది. పీఠం పూజకు చెందిన వస్తువు. కనుక కళాకారుల ప్రతిపాదనలు పరిశీలించాక తుది ఎంపిక ఆర్చిబిషప్ లోరాన్ ఉల్రిష్ చేశారు. 2023లో ఎంపికైనవాడు గియోమ్ బార్దే, 1971లో పుట్టిన రూపశిల్పి.

బార్దే పీఠం ఒక్కటే గీయలేదు. పఠనపీఠం, ఆర్చిబిషప్ ఆసనం, సత్ప్రసాద మందసం, జ్ఞానస్నాన తొట్టి, ఇవన్నీ ఒకే కుటుంబంలా, ఒకే లోహంతో కనిపించాలని రూపొందించాడు. ముదురుగోధుమ రంగు కంచు. పీఠం మీద బొమ్మల్లేవు, లతల్లేవు, అక్షరాల్లేవు. పైన వెడల్పైన పలక, కింద వంపు తిరిగిన పక్కలు. ద్రోమ్ జిల్లాలో క్రెస్ట్ పట్టణంలోని పోతపని కార్ఖానాలో దాన్ని పోతపోశారు.

ఇది మరీ సాదాగా ఉందని పెదవి విరిచినవారున్నారు. ఎనిమిది శతాబ్దాల శిల్పసంపద మధ్య ఈ నున్నటి కంచుముద్ద ఏమిటన్నారు. ఆ మాటను తోసిపారేయనక్కర్లేదు. కాని ఆ గుడి నిండా ఇప్పటికే శిల్పాలున్నాయి, రంగుగాజు కిటికీలున్నాయి. వాటితో పోటీపడి మరో శిల్పం పెడితే కన్ను ఎక్కడ నిలవాలి? పీఠం నిశ్శబ్దంగా ఉంటేనే దాని మీద ఎత్తిన అప్పం కనిపిస్తుంది. మహాసభ పూజావిధులకు కోరింది కూడా ఉదాత్తమైన నిరాడంబరత్వాన్నే.

2024 డిసెంబరు 8న, దేవాలయం తెరచిన మర్నాడు, పీఠప్రతిష్ఠ జరిగింది. అడుగున ఐదుగురి అవశేషాలుంచారు. వారిలో ఒకరు కేథరిన్ లబూరే, పారిస్ మఠంలో వృద్ధులకు సేవచేసిన సన్యాసిని. ఇంకొకరు వ్లాదిమిర్ గికా, పారిస్ లో గురుపట్టం పొంది 1954లో రుమేనియా చెరసాలలో మరణించిన రాకుమారుడు. మరొకరు మరి యూజెనీ మిల్రే. 1836లో ఈ నోట్రడామ్ లోనే ఒక ఉపన్యాసం విని జీవితం మార్చుకున్న యువతి, తరువాత ఒక సన్యాసినీ సభను స్థాపించింది. కొత్త కంచు అడుగున ఆ ఊరి పాత జ్ఞాపకాలున్నాయి. పైకి అవి ఎవరికీ కనిపించవు.

మన పద్ధతి

పారిస్ సరే, మన పల్లెకు ఏం పనికొస్తుందంటారా? మనకు మన అనుమతులున్నాయి. భారత మేత్రాణులు కోరిన పన్నెండు మార్పులకు 1969 ఏప్రిల్లో రోము సమ్మతించింది. కొవ్వొత్తుల బదులు నూనెదీపాలు పెట్టవచ్చు. పూజపాత్రల కింద పరిచే చిన్న వస్త్రం బదులు పళ్ళెం వాడవచ్చు. అన్నిటిలోకీ నన్నాకట్టుకున్నది ఇది: పాశ్చాత్య గురువులు పీఠాన్ని ముద్దుపెట్టుకునే చోట, మన గురువులు దాన్ని చేత్తో తాకి ఆ చేతిని కళ్ళకద్దుకోవచ్చు.

పుస్తకం కిందపడితే తీసి కళ్ళకద్దుకునే జాతి మనది. దుక్కిటెద్దుకు, నాగలికి, త్రాసుకు దండం పెట్టేవాళ్ళం. అలా తాకి కళ్ళకద్దుకోవలసిన పలక అంచు ఎలా ఉండాలి? పదునుగా కోసి అద్దంలా మెరిసేటట్టు చేయాలా, చేతికి ఒదిగేటట్టు గుండ్రంగా తీయాలా? నూనెదీపం పెడితే నూనె కారినా పాడవని రాయి కావాలా, వద్దా? మన పద్ధతి అంటే పీఠం మీద తామరపువ్వు చెక్కించడం ఒక్కటే కాదు. మన చేతి అలవాటును బట్టి రాయిని తీర్చడం.

ఇంతకూ ఏమైంది?

మా వాడితో కలిసి ఒక శనివారం ఆ ఊరు వెళ్ళాను. మూడు కాగితాలూ పక్కన పెట్టి, పాత ప్యాకింగు చెక్కలతో, అట్టలతో మూడో నమూనా కొలతలకు ఒక ఉత్తుత్తి పీఠం నిలిపాం. మీద తెల్లదుప్పటి కప్పాం. ఫాదర్ గారు వెనక నిలబడి చేతులు చాపారు. ఎత్తు నాలుగంగుళాలు ఎక్కువైంది, తగ్గించాం. చుట్టూ నడిచారు. వెనక మూడడుగులే మిగిలింది, పీఠాన్ని ఒకడుగు ముందుకు జరిపాం. మా వాడి నాన్నగారు గుడి చివర నేల మీద కూర్చున్న ఒక ముసలమ్మను పిలిచి, "అవ్వా, కనబడుతుందా?" అని అడిగారు.

"బల్ల కనబడకపోతే పోయె, ఫాదర్ గారి చేతులు కనబడుతున్నాయయ్యా. సత్ప్రసాదం ఎత్తితే కనబడుద్ది. చాల్లే" అంది.

మూడు వారాలుగా పెద్దలు చేసిన వాదనకు ఆ మాటతో సగం తీర్పు వచ్చింది. రాతిపలక, రెండు దిమ్మెలు, కింద పునాది. దిమ్మెల మధ్య అవశేషాల కోసం చిన్న అర. ముందువైపు ఒక సిలువ, అంతే. బల్బుల డబ్బు పునాదికి పోతుంది.

మిగతా సగం, దాత సంగతి. ఆయన మీద నవ్వడం నాకు న్యాయమనిపించలేదు. ఆయన తల్లి ముప్పై ఏళ్ళు ఆ గుడి ఊడ్చింది. తండ్రి గోడలకు రాళ్ళు మోశాడు. పైసా తీసుకోలేదు. కొడుకు వాళ్ళ పేర్లు నిలవాలని కోరుకోవడంలో తప్పేముంది? పేర్లు విచారణ రికార్డుల్లో రాస్తామనీ, ప్రతిష్ఠ రోజు పీఠం మీద తొలిసారి పరిచే తెల్లని వస్త్రం ఆ తల్లి జ్ఞాపకంగా ఆయన చేతే తెప్పిస్తామనీ మా వాడి నాన్నగారు ఫోనులో చెప్పారు. అవతలినుంచి చాలాసేపు మాట లేదు. చివరికి "ఆలోచించి చెబుతాను మామా" అన్నాడట.

ఇది రాసేనాటికి ఆయన ఇంకా చెప్పలేదు. ఆయన కాదంటే కూలిడబ్బుతోనే కట్టాలి, ఇంకో మిరపపంట దాకా ఆగాలి. రాతిపనివాడు మాత్రం రాయి చూసి వచ్చాడు. పలక అంచు గుండ్రంగా తీస్తానన్నాడు. అట్టలతో నిలిపిన ఉత్తుత్తి పీఠం ఇంకా అక్కడే ఉంది. ఫాదర్ గారు తీయనివ్వడం లేదట. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు దానికేసి చూసి, ఇంకో అంగుళం తగ్గించమనో, కొంచెం ఎడమకు జరపమనో చెబుతున్నారట.

నమూనా ఎంచుకోవడమంటే ఇదేననుకుంటాను.